కొండ దిగనన్న ఎర్ర కారు

అరకు చూడని వాళ్ళకి అరకు గురించి చెప్పడం చాలా సులువు, ఏం చెప్పినా నమ్ముతారు. నేను వెళ్ళొచ్చి నెల దాటింది. ఈ నెలలో ఎంతమందికి చెప్పానో అన్నిసార్లూ ఆ లోయ మరికాస్త లోతు పెరిగింది. మొన్న మా వీధి చివర టైలరుకి చెప్పేసరికి కిందికి చూస్తే అవతలి దేశం వాళ్ళ డాబాలు కనబడ్డాయి. ఒక మలుపులో కారు ముందు అద్దంలోంచి నా వీపు నాకే కనబడిందని కూడా చెప్పాను. ఆయన మిషన్ ఆపి మరీ విన్నాడు. అలాంటివి ఇక్కడా దొర్లుతాయి, సర్దుకోండి. బ్రేకుల సంగతి వచ్చినప్పుడు మాత్రం కొలబద్ద చేత్తో పట్టుకునే రాశాను. ఆ విషయంలో పెంచడానికి నాకు ఖాళీ మిగల్లేదు.

విశాఖపట్నం: ఎర్రది వచ్చింది

మా ఆవిడ తమ్ముడు సత్తిబాబుది పింగాణి సామాను వ్యాపారం. రోజంతా పగిలిపోయే వస్తువుల మధ్య తిరిగే మనిషికి పగలని వస్తువు ఒకటి కావాలనిపించడం సహజం. ఓడల కంపెనీలో పనిచేసి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎరుపు అంటే మామూలు ఎరుపు కాదు, దాన్ని చూసి మా వీధి సిగ్నల్ దగ్గర కాకులు కూడా ఆగేవి. రెండే తలుపులు. వెనక సీటు అని పిలిచే ఒక అర ఉంది, అందులో నన్ను కూర్చోబెట్టరు, మడతపెడతారు. కారు కడుపుకీ నేలకీ మధ్య చీమ పోవాలంటే వంగి పోవాలి.

ఈ కారులో కొండెక్కాల్సిన పని నా నోటివల్ల వచ్చింది. కాలేజీ రోజుల్లో నా హాస్టల్ గదిలో ఉండే జోజి ఇప్పుడు హుకుంపేట దాటాక వాళ్ళ సొంత ఊళ్ళోనే బడి మేష్టారు. కూతురు సలోమి నర్సు. పెళ్ళి కొండ కింద, చోడవరం చర్చిలో. సంబంధం కుదిరిన రోజున పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ, "కొండ మీద పిల్ల కదా, సింతపండు బస్తాల మీద కూకుని జీపు టాపు మీద దిగుతాదేటో" అందట. జోజి ఆ మాట నాకు ఫోనులో చెప్పి తనే నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా ఎరిగిన మనిషి నవ్వులో ఏది నవ్వో ఏది కాదో తెలుస్తుంది.

"నీ కూతురు ఎర్ర స్పోర్ట్స్ కారులో దిగుతుంది. ఆవిడని చర్చి గేటు దగ్గరే నిలబడమను" అన్నాను.

కారు నాది కాదన్న సంగతి ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. సత్తిబాబుకి చెబితే నేను అనుకున్నదానికి రెండింతలు పొంగిపోయాడు. అరకు మీదుగా ఎక్కడం, జోజి ఇంట్లో రాత్రి ఉండడం, తెల్లవారాక పెళ్ళికూతుర్ని కారెక్కించుకుని పాడేరు ఘాట్ మీదుగా చోడవరం దిగడం. ఇదీ ఏర్పాటు. ముందు సీట్లో పెళ్ళికానుకగా పింగాణి సామాను పెట్టె పెట్టాడు, అది పగులుతుంది కనక ఎక్కేటప్పుడు కూడా వెనక అర నాదే. సెల్ ఫోను విశాఖలో మోగి శృంగవరపుకోట దాటగానే మూగబోతుంది. కొండ మీద ఏం జరిగినా అక్కడున్న వాళ్ళమే తేల్చుకోవాలి.

శృంగవరపుకోట: పాఠం

టిఫినుకి ఆగాం. పెసరట్టు బల్ల మీద ఒక చివర నుంచి మొదలై పక్క బల్ల వాళ్ళకి కూడా కొంత తగిలేంత ఉంది. ఇడ్లీ పొట్లం కట్టించుకుని బయటికొచ్చేసరికి కారు చుట్టూ జనం. ఒక ముసలాయన వంగి లోపలికి చూసి, సత్తిబాబుతో నెమ్మదిగా, "బండికి టాపు ఇంత కిందకెట్టినారేటి బాబూ, రేకు సాల్లేదా?" అని అడిగాడు. సత్తిబాబు ఆ దెబ్బకి ఘాట్ మొదటి మలుపు దాకా మాట్లాడలేదు.

మాట్లాడడం మొదలెట్టాక ఆపలేదు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తన కారు గొప్పతనం అంతా బ్రేకుల్లో ఉందని తేల్చాడు.

"పరిగెత్తడం ఏ కారైనా సేస్తాది బావా. ఆగడంలోనే ఉంది తేడా. సక్రం లోపల ఇనప పళ్ళెం ఒకటి ఉంటాది, డిస్కు అంటారు. నువ్వు పెడలు తొక్కితే రెండు ప్యాడ్లు అటూ ఇటూ దాన్ని నొక్కీసి పట్టుకుంటాయి. నొక్కి నొక్కి పళ్ళెం అరుగుతాది. ఎప్పుడు మార్చాలో తెలియాల. చాలామందికి తెలీదు."

"నీకు తెలుసా?"

"నాలుగు గుర్తులు. ఒకటి, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే పళ్ళెం వంకర పోయినట్టు. రెండు, పెడలు పాదాన్ని వెనక్కి తంతే వంకర ముదిరినట్టు. మూడు, పళ్ళెం మీద నీలం మచ్చలు కనబడితే మాడిపోయినట్టు, పెనం మాడదూ, అలాగ. నాలుగోది గోరు. పళ్ళెం మీద గోరు పెట్టి లాగాల. అంచు దగ్గర గట్టులా తగిలితే అరిగింది, మార్చుకోవాలి. గీతలో గోరు దిగిందనుకో, అది గీత కాదు, పగులు. ఇంక వాదన లేదు. కారు దిగీడమే."

"మరి నీ డిస్కులు?"

"కిందటి నెలే లేత్ మీద చెక్కించాను. అద్దంలా ఉన్నాయి. పల్చబడ్డాయి, కానీ పళ్ళెం అంచున చెక్కి ఉంటాది ఎంత వరకు పల్చబడొచ్చో. ఇంకా కాస్త ఉంది. కొత్తవి ఈ రాష్ట్రంలో దొరకవు."

తర్వాత, "ఇంక అయిదో సంగతి, అన్నిటికన్నా ముఖ్యం" అని మొదలుపెట్టాడు. అప్పటికే నన్ను మడతపెట్టి గంట దాటింది, కాళ్ళకి నిద్ర పట్టింది, కాళ్ళ నుంచి అది పైకి పాకింది. అయిదో సంగతి నేను వినలేదు.

అనంతగిరి, అరకు

మెలకువ వచ్చేసరికి మంచు. ఎంత మంచంటే సత్తిబాబు హారను కొడితే శబ్దం కూడా మా కారు ముందే ఆగిపోయింది. సిల్వరోక్ చెట్లకి మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. రోడ్డు పక్క ఒకావిడ అనాసలు గుట్టపోసి, మేం బేరం ఆడకముందే ఒకటి చెక్కి ఉప్పూ కారం జల్లి చేతిలో పెట్టింది. మా ఊళ్ళో బేరం తేలాక సరుకు చేతికిస్తారు. ఇక్కడ సరుకు నోట్లోకి వెళ్ళాక బేరం. ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.

అరకు లోయంతా వలిసె పూలు. పసుపు దిమ్మరించినట్టుంది. బొంగులో కాల్చిన కోడి తిన్నాం. వెదురు చీల్చగానే వచ్చిన ఆవిరి వాసనకి పక్క బస్సులో శాకాహారులు ఇద్దరు మతం మార్చుకున్నారు. సత్తిబాబుకి హుషారొచ్చింది. అక్కడి నుంచి హుకుంపేట వైపు దారి ఎక్కుతూ దిగుతూ పోతుంది. దిగినప్పుడల్లా వేగం పెంచి, మలుపు ముక్కు మీదికొచ్చాక బ్రేకు తొక్కి, "సూసేవా బావా, ఎలా ఆగిందో" అని నా వైపు తిరిగేవాడు. నేను సీట్ల మధ్య నుంచి ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి, ఇలా చూస్తూ చూస్తూ ఊరు చేరాను. జోజి ఊరికి చివర దిగుడు. ఆ దిగుడంతా పిల్లలు పక్కన పరిగెత్తారు. వాళ్ళ కోసం సత్తిబాబు బ్రేకు మీద కాలు తియ్యకుండా, ఇంజను మాత్రం గర్జించేలా, ఊరేగింపుగా దింపాడు. ఇంటి ముందు ఆగేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. నేను బొంగు కోడి అనుకున్నాను.

మామ్మ చెంబు

జోజి తల్లి గుమ్మంలో చెంబుతో నిలబడి ఉంది. సలోమి మామ్మ అంటుంది కనక మేమూ మామ్మ అన్నాం. మనిషి సన్నగా ఉన్నా ఆవిడ చూస్తుంటే నిలబడ్డవాడు ఇంకా నిటారుగా నిలబడతాడు.

ఆ ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషి కాళ్ళు ఇంటి పెద్ద ముసలమ్మ కడుగుతుంది. మా ఇళ్ళల్లో చుట్టం వస్తే టీవీ సౌండు తగ్గిస్తాం, మర్యాద అంతటితో సరి. ఇక్కడ నా బూట్లు విప్పించి, మేజోళ్ళు విప్పించి, పసుపు నీళ్ళు పోసి, తన చేత్తో రుద్ది కడిగింది. నాకు అయిదేళ్ళ వయసు తర్వాత నా పాదాలని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. తర్వాత సత్తిబాబువి కడిగింది. తర్వాత కారు దగ్గరికి నడిచింది.

"ఎద్దుబండి వొస్తే ఎడ్ల కాళ్ళూ కడుగుతాం, బండి చక్రాలూ కడుగుతాం. మోసుకొచ్చింది కదా, అదీ చుట్టమే" అన్నాడు జోజి.

మామ్మ మొదటి చక్రం మీద చెంబు వంచింది. చుయ్‌మంది. ఆవిరి ఆవిడ మొహం దాకా లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ రెండో చెంబు ముంచుకుని రెండో చక్రానికి పోసింది. మళ్ళీ చుయ్. నాకు భలే వినోదంగా ఉంది. సత్తిబాబు చెయ్యి ఒకటి కొంచెం పైకి లేచి, గాల్లో ఆగి, మళ్ళీ కిందికి దిగింది. నమస్కారం పెట్టబోయి మానేశాడనుకున్నాను.

రాత్రి అడ్డాకు విస్తళ్ళలో సామ అన్నం, రాజ్మా గింజల కూర, నాటుకోడి పులుసు. కోడి కాలు నా మోచేయంత ఉంది. సలోమి వడ్డిస్తూ, "సిన్నాన్నా, రేపు మీరు ఆ ఎనక అరలో కూర్చుంటే సర్చికాడ మిమ్మల్ని ఎలాగ బయటికి తీయాల? నాను కాన్పులు సేయించాను గానీ ఇలాటిది సేయించలేదు" అంది. అందరూ నవ్వారు. సత్తిబాబు ఆలస్యంగా నవ్వాడు.

"ఆ మేనత్త గేటు దగ్గరే ఉంటాదిరా. కబురెట్టించేను" అన్నాడు జోజి. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం చూశాను. కూతురి పెళ్ళిలో వాడికి కొత్త బట్టల మీద లేదు ఆశ, ఆ గేటు మీదే ఉంది.

బయల్దేరాం

తెల్లారి నేను పళ్ళు తోముకుంటూ బయటికొస్తే సత్తిబాబు ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చువ్వల సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి ఉన్నాడు. ముద్దు చేస్తున్నాడనుకున్నాను. నన్ను చూసి చెయ్యి తీసేశాడు.

"ఏం చూస్తున్నావు?"

"టైర్లో గాలి."

గాలిని చక్రం లోపలి నుంచి చూడడం నేనెక్కడా వినలేదు. అయినా పెళ్ళి హడావిడిలో వదిలేశాను.

ముందు జీపులో జోజి, వాళ్ళావిడ, మామ్మ, బంధువులు. జీపు డ్రైవరు అప్పలరాజు. జీపులో ఇరవై మంది పట్టారంటే మీరు నమ్మరు, కాబట్టి నలభై అంటున్నాను. వెనక మేం. ముందు సీట్లో తెల్లచీర, తలమీద తెల్ల ముసుగు, ఒళ్ళో పువ్వులతో సలోమి. వెనక మడతలో నేను.

ఊరు దాటి మొదటి దిగుడులో సత్తిబాబు బ్రేకు మీద కాలు పెట్టాడు. స్టీరింగ్ వణికింది. అతని చేతులతో సహా, చేతి గడియారంతో సహా.

"ఒకటి" అన్నాను నేను.

"రోడ్డు బాగోలేదు బావా."

నిజానికి జిల్లా మొత్తంలో బాగున్న రోడ్డు ఆ కాస్త దూరమే. ఇంకో దిగుడు. ఈసారి అతని మోకాలు కిందనుంచి ఎవరో తన్నినట్టు ఎగిరింది.

"పెడలు తంతోంది. రెండు."

"ప్యాడ్లు కొత్తవి. అలవాటు పడాల."

"నిన్న అలవాటు పడే ఉన్నాయి కదా?"

సత్తిబాబు గేరు మార్చాడు. సలోమి ఒకసారి అతని వైపు చూసింది, ఒకసారి అద్దంలోంచి నా వైపు చూసింది. "ఏటి సిన్నాన్నా, లెక్కెడుతున్నారు?"

"పాఠం అప్పజెబుతున్నానమ్మా" అన్నాను. నాకు లోపల మంట. ఈ మనిషి గొప్పకి పోయి, కారు బాగోలేదని ఒప్పుకోలేక, పెళ్ళికూతుర్ని ఘాట్ దింపబోతున్నాడు. పాడేరు ఘాట్ గురించి చూడని వాళ్ళకి ఒక్క మాట చెబుతాను: అక్కడ రోడ్డు దిగదు, జారుతుంది. ఈ వాక్యంలో నేను పెంచింది ఏమీ లేదు.

సత్తిబాబు వేగం తగ్గించేశాడు. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటి వెనక్కి చూసి నవ్వారు. జీపు ఎప్పుడో కనుమరుగైంది. "ఇలాగైతే సర్చిలో ప్రార్థన అయిపోయి బోజనాలు పెట్టీస్తారు" అంది సలోమి. అయినా గేరు తగ్గించే దిగుతున్నాడు తప్ప బ్రేకు ముట్టుకోవడం లేదు.

పాడేరు ఇంకా రాకముందు ఒక కల్వర్టు. దానికి ముందు చిన్న దిగుడు, పక్కన ధాన్యం ఆరబోసిన గట్టు. ఆ గట్టు వెనక నుంచి ఒక ఎద్దు, ఎవరి మీదా కోపం లేకుండా, రోడ్డు మధ్యకొచ్చి నిలబడింది.

సత్తిబాబు బ్రేకు తొక్కాడు.

గరగరమని, బండరాయి మీద గొలుసు లాగినట్టు శబ్దం వచ్చింది. స్టీరింగ్ అతని చేతుల్లో కొట్టుకుంది. కారు నేరుగా పోకుండా ఎడమకి లాగింది, కల్వర్టు పిట్టగోడ లేని వైపుకి. సలోమి చెయ్యి చాచి తలుపు పట్టుకుంది. పువ్వులు కింద పడ్డాయి. సత్తిబాబు రెండో గేరులోంచి మొదటి గేరులోకి లాగి, చేతి బ్రేకు పైకెత్తాడు. కారు ఏడుస్తూ ఏడుస్తూ ఆగింది. ఎడమ చక్రం కింద గులకరాళ్ళు కల్వర్టులోకి జారి నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను. ఎద్దు మూతి బానెట్ మీద ఉంది. దాని ముక్కులోంచి వచ్చిన ఊపిరికి ఎర్ర రంగు మీద ఆవిరి పట్టింది.

 ఎద్దు కారుని ఒకసారి నాకి, రుచి నచ్చక వెళ్ళిపోయింది.

"నేను దిగుతాను. నన్ను మడత విప్పండి. అమ్మాయిని కూడా దింపు" అన్నాను.

"పాడేరు దాటాక ఘాట్ దాకా సదునే. అక్కడికి పోనీ బావా. జీపు అక్కడే ఆగి ఉంటాది." గొంతు తగ్గించి అన్నాడు. అంత తగ్గించిన గొంతు సత్తిబాబులో ఉందని నాకు తెలియదు.

ఘాట్ మొదట్లో

రోడ్డు కిందికి తిరిగే చోట పసుపు పూసిన అమ్మవారి రాయి ఒకటి ఉంది. కొండ దిగే బండి ఏదైనా అక్కడ ఆగుతుంది. బస్సు వాడు కొబ్బరికాయ కొడతాడు, లారీ వాడు నిమ్మకాయలు పెడతాడు. ఏమీ నమ్మని వాళ్ళు ఇంజను చల్లార్చుకునే నెపంతో ఆగుతారు. జోజి వాళ్ళు క్రైస్తవులు, రాయికి మొక్కరు. కానీ ఆగడం మానరు. జీపు ఆగి ఉంది. అప్పలరాజు జీపు మీద చెయ్యేసి, "స్పోర్ట్సు కారంటే నాను ముందెళిపోతాదనుకున్నాను బాబూ" అన్నాడు.

సత్తిబాబు దిగి, బూటు లేసు కట్టుకున్నట్టు ముందు చక్రం దగ్గర వంగాడు. చువ్వల సందులో చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అంతే వేగంగా వెనక్కి వచ్చింది. చూపుడు వేలు నోట్లో పెట్టుకున్నాడు. లేచి నా వైపు చూశాడు. గోరు దిగింది. అతను చెప్పలేదు, అతని మొహం చెప్పింది.

ఇంక చెప్పేస్తాడు, డిస్కులు పోయాయని ఒప్పుకుంటాడు, బతికాం అనుకున్నాను.

"జోజి మేష్టారూ, అమ్మాయిని జీపు ఎక్కించండి" అన్నాడు. "మా వైపు ఆచారం ఒకటుంది, ఇప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళికూతురు పుట్టింటి వాళ్ళ బండిలోనే దిగాల. పరాయి బండిలో దిగితే పుట్టింటి సిరి ఆ బండి వాళ్ళకి పోతాది. నాకొద్దు మీ సిరి."

జోజి తల అడ్డంగా ఊపాడు. "మాకు అలాటివి లేవు సత్తిబాబూ."

"మాకున్నాయి. కారు మాది."

జోజి మొహం నల్లబడింది. గేటు దగ్గర మేనత్త వాడికి అక్కడి నుంచే కనిపిస్తోంది. నా వైపు తిరిగాడు. "ఏరా, ఉందేటి అలాగ? మీ ఇళ్ళల్లో?"

అలాంటి ఆచారం మా ఇళ్ళల్లో లేదు. ఏ ఇళ్ళల్లోనూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోయింది డిస్కు అని రెండు ముక్కల్లో చెప్పడానికి ఈ మనిషికి ఏం అడ్డం? నోరు తెరిచాను.

అప్పుడు జీపు వెనక నుంచి మామ్మ వచ్చింది. చేతిలో చెంబు, దాన్నిండా నీళ్ళు. ఘాట్ దిగే ముందు చుట్టం కాళ్ళు మళ్ళీ కడగడానికి. నేరుగా ముందు చక్రం వైపు నడుస్తోంది.

సత్తిబాబు కదిలి చక్రానికీ ఆవిడకీ మధ్య నిలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు, ఏమీ అనలేదు, నిలబడ్డాడంతే. నిన్న సాయంత్రం గాల్లో లేచి దిగిపోయిన అతని చెయ్యి నాకు గుర్తొచ్చింది.

నేను అతని పక్కకెళ్ళి, పెదవులు కదపకుండా, "ఆ అయిదోది ఏంటి?" అని అడిగాను.

"వేడి మీదున్న డిస్కుకి నీళ్ళు తగలకూడదు. పగుల్తాది. నిన్న నువ్వు నిద్రపోయావు బావా." మామ్మ చెంబు వైపు చూసి, "ముసలావిడ మన కాళ్ళు కడిగింది. ఏటని సెప్పమంటావు ఆవిడకి?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక నేను వందల అబద్ధాలు ఆడాను, అన్నీ సరదాకే. జోజి వైపు తిరిగి, "ఉందిరా. మా పెద్దక్క పెళ్ళిలో కూడా ఇలాగే కారు ఆపేశారు" అన్నాను. నాకు పెద్దక్క లేదు. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా జోజికి తెలుసు.

జోజి నా కళ్ళల్లోకి చూశాడు. ఇంకేమీ అడగలేదు.

మామ్మ మాత్రం చెంబుతో అలాగే నిలబడి ఉంది. ఆవిడ ముందు సత్తిబాబు. ఎంతసేపని నిలబడతాడు? పక్కకి తొలగమని ఆవిడ చెయ్యి ఊపింది.

అప్పటికి సలోమి కారు దిగింది. సత్తిబాబు మళ్ళీ నోట్లో పెట్టుకున్న వేలు బయటికి లాగి చూసింది. వేలి కొన తెల్లగా పొంగి ఉంది. చక్రం వైపు చూసింది. మామ్మ చెంబు వైపు చూసింది. దారి పొడుగునా నేను పెట్టిన లెక్క ఆ పిల్లకి అక్కడ కూడిక అయినట్టుంది.

"మామ్మా, కారు రాదట" అంది. చెప్పులు విప్పి, తెల్లచీర కుచ్చిళ్ళు మడమల పైకెత్తి ముందుకొచ్చి నిలబడింది. "నానే ఎల్తన్నాను. నా కాళ్ళు కడుగు."

మామ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. తర్వాత వంగి నీళ్ళు పోసింది. ముందు ఒక పాదం, తర్వాత ఇంకోటి, తన చేత్తో రుద్ది. జోజి వాళ్ళావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంబులో ఇంకా కొన్ని నీళ్ళున్నాయి.

"అవి మావయ్య సేతి మీద పొయ్యి" అంది సలోమి. "వేలు కాలింది. నోట్లో పెట్టుకోకండి మావయ్యా, పుండవుతాది."

మామ్మ ఆ వేలు మీద నీళ్ళు పోసింది. ఎందుకు కాలిందని అడగలేదు.

కారు రాయి పక్కన వదిలేశాం. సలోమి జీపులో ముందు కూర్చుంది. నలభై మంది పట్టిన జీపులో సత్తిబాబు నలభై రెండో వాడు, నలభై మూడో వాణ్ణి నేను, వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ దిగాను. ఆ మలుపుల గురించి టైలరుకి చెప్పినవన్నీ కల్పితాలే. ఆ పూట నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

చోడవరం

మేనత్త గేటు దగ్గరే ఉంది. మెడలో నగలు ఎన్నున్నాయంటే ఆవిడ తల తిప్పాలంటే ముందు నగలు తిరగాలి. జీపు ఆగింది. దుమ్ములోంచి మేం ఒక్కొక్కళ్ళం రాలాం. జోజి తల వంచుకుని దిగాడు. నాకు ఎటైనా పారిపోదామనిపించింది. ఆ గేటు దగ్గర ఆవిడని నిలబెట్టించింది నేనే.

"ఏటమ్మా, ఎర్రకారులో దిగుతావన్నారు. జీపులోనే దిగినావే?" అంది మేనత్త. పక్కన నలుగురు వింటున్నారని చూసుకునే అంది.

సలోమి ముసుగు సర్దుకుంది. "కారుకి కొండ దిగడం రాదటండి. నాకొచ్చు."

పెళ్ళికొడుకు నవ్వాడు. ముందు అతను నవ్వాడు కనక, వాళ్ళ వైపు మిగతా వాళ్ళూ నవ్వారు. మేనత్త కూడా నవ్వక తప్పలేదు. జోజి అప్పుడు తల ఎత్తాడు. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచినప్పుడు ఆ నడక చూశాను. స్పోర్ట్స్ కారులోంచి దిగినా అంత బాగా నడిచేవాడు కాదు.

విందులో మాడుగుల హల్వా పెట్టారు. ముక్క నోట్లో పెట్టుకోబోతే వేళ్ళ మధ్యనుంచి తనే జారి గొంతులోకి దారి కనుక్కుంది. సత్తిబాబు ఎడమ చేత్తో తిన్నాడు, కుడి చూపుడు వేలికి సలోమి కట్టిన కట్టు ఉంది. పెళ్ళికూతురు తన పెళ్ళి భోజనాల మధ్య లేచి కట్టిన కట్టు అది.

"పొద్దున్న ఇంటి దగ్గర తెలియలేదా?" అన్నాను.

"సన్న గీతలా తగిలింది. గోరు దిగలేదు. పాడేరు దాకా సూద్దామనుకున్నాను. ఆ ఎద్దు రాకపోతే..." అని ఆపేశాడు. మళ్ళీ, "ఆ గుంటని ఊరి దగ్గరే జీపెక్కించాల్సింది బావా" అన్నాడు.  హల్వా ఇంకో ముక్క అతని ఆకులో వేశాను.

మళ్ళీ రాయి దగ్గర

మర్నాడు అల్లం బస్తాలు దింపేసి ఖాళీగా ఉన్న లారీ ఒకటి మాట్లాడుకుని పైకి వెళ్ళాం, కారుని దాని మీద ఎక్కించుకుని దిగడానికి. ఎరుపు మీద దుమ్ము పట్టి ఉంది. ఎవరో అద్దం మీద ఒక బంతిపువ్వు పెట్టారు. అమ్మవారి రాయి పక్కన ఇంకో అమ్మవారు అనుకున్నారేమో.

మేం పలకలు వేసి కారుని తోస్తుండగా అప్పలరాజు జీపు పైకి వచ్చింది. మామ్మ ఊరికి తిరిగి పోతోంది. జీపు ఆపించి దిగింది. రాయి వెనక ఊటలో చెంబు ముంచుకుని మా దగ్గరికి వచ్చింది.

కారు దగ్గర ఆగి, సత్తిబాబు వేలి కట్టు చూసింది. తర్వాత చక్రాల వైపు చూసింది.

"దీని కాళ్ళు సల్లారినాయేటి బాబూ?" అని అడిగింది.

సత్తిబాబు నా వైపు చూశాడు. నేను కొండ వైపు చూశాను.

"సల్లారినాయమ్మా" అన్నాడు.

అప్పుడు ఆవిడ వంగి మొదటి చక్రం మీద చెంబు వంచింది. సత్తిబాబు పక్కకి జరిగి, కట్టున్న చేత్తో, కట్టులేని చేత్తో నమస్కారం పెట్టి నిలబడ్డాడు. ఆవిడ ఊటకి వెళ్ళి ముంచుకొచ్చి రెండోది కడిగింది, తర్వాత వెనకవి కడిగింది, తొందరపడకుండా, నీళ్ళు కిందికి కారి రోడ్డు మీద పసుపు మట్టిలో కలిసేదాకా.

ఈసారి చుయ్‌మని శబ్దం రాలేదు.